చెన్నై నుంచి శ్రీలంక వన్యప్రాణి యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఏడాదీ ఫిబ్రవరి చివర్లో చెన్నై నుంచి 12 మందిమి శ్రీలంక వెళ్తాం. 7 రాత్రులు, 8 రోజులు. తిమింగలాల కోసం మిరిస్సాలో రెండు రాత్రులు, తాబేళ్ల కోసం తంగల్లలో ఒకటి, యాల అడవి కోసం తిస్సమహారామలో రెండు, ఏనుగుల కోసం ఉడవలవెలో ఒకటి, సింహరాజ వాన అడవి దగ్గర ఒకటి. గుళ్లు, షాపింగ్, టీ తోటలు ఈ యాత్రలో లేవు. గ్రూప్ కట్టిన రోజు నుంచి విమానం ఎక్కేదాకా అవే సందేహాలు ఫోన్లలో వస్తూనే ఉంటాయి. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చేరదు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## పేరు ఇచ్చే ముందు

తిమింగలాల కోసం శ్రీలంకే ఎందుకు? అండమాన్ అయితే వీసా గొడవ ఉండదు కదా?

అండమాన్ పగడపు దిబ్బలకి గొప్ప చోటు. నీలి తిమింగలానికి మాత్రం శ్రీలంక దక్షిణ తీరమే దగ్గరి దారి. అక్కడ దొండ్ర అనే కొన దగ్గర సముద్రం ఒడ్డు నుంచి కొద్ది దూరంలోనే ఒక్కసారిగా లోతుకి దిగిపోతుంది. తిమింగలానికి ఆ లోతు కావాలి. అందువల్ల పొద్దున పడవెక్కి, వాటిని చూసి, మధ్యాహ్నం భోజనానికి ఒడ్డుకి వచ్చేయొచ్చు.

ఇంకో విశేషం ఉంది. ప్రపంచంలో చాలాచోట్ల నీలి తిమింగలాలు మేత కోసం ధ్రువాల వైపు చల్లటి నీళ్లకి వెళ్తాయి. ఇక్కడివి అంత దూరం పోవు, వెచ్చటి నీళ్లలోనే మేస్తాయి. శ్రీలంక శాస్త్రవేత్త ఆశా డి వోస్ 2003లో సముద్రం మీద ఉండగా తిమింగలాల ఎర్రటి మలం నీటి మీద తేలుతూ కనిపించింది. మలం ఉందంటే ఇక్కడే తింటున్నట్టే కదా అని ఆవిడకి తట్టింది. ఆ తర్వాత ఆవిడ పరిశోధనంతా ఈ తిమింగలాల మీదే సాగింది. మా గ్రూప్‌లో పిల్లలకి అన్నిటికంటే బాగా గుర్తుండిపోయే కథ ఇదే.

ఫిబ్రవరిలోనే ఎందుకు? పిల్లల సెలవులు మేలో కదా?

మే వచ్చేసరికి నైరుతి రుతుపవనాలతో దక్షిణ తీరం అల్లకల్లోలంగా ఉంటుంది. మిరిస్సా వైపు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా సీజన్. అందులోనూ ఫిబ్రవరి, మార్చిలో పొద్దున పూట సముద్రం చాలా ప్రశాంతంగా ఉంటుంది. స్కూల్‌కి నాలుగైదు రోజులు సెలవు పెట్టాల్సి వస్తుంది, నిజమే. టీచర్‌కి ముందే చెప్పి ఉంచండి.

తిమింగలం, చిరుత కచ్చితంగా కనిపిస్తాయా?

చెప్పలేం. గ్యారంటీ అని ఎవరైనా చెబితే నమ్మకండి. అవి అడవిలో, సముద్రంలో తమ బతుకు తాము బతికే ప్రాణులు. మేం చేయగలిగింది ఒక్కటే: వేచి చూసే సమయం ఎక్కువ ఉండేలా ప్లాన్ వేయడం. అందుకే సముద్రం మీదకి ఒక పొద్దున కాదు, రెండు పొద్దులు పెట్టాం. యాలలో రెండుసార్లు లోపలికి వెళ్తాం. అయినా ఒక ఏడాది మాకు చిరుత కనిపించలేదు. వచ్చినవాళ్లలో కొందరు బాధపడ్డారు, ఆ బాధ న్యాయమైనదే. చిరుత కోసమే వస్తున్నట్టయితే ఈ మాట ఇంట్లో అందరితో ముందే మాట్లాడుకోండి.

అమ్మకి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. తీసుకురావచ్చా?

రావచ్చు. మోకాళ్లకి కష్టమయ్యేవి మూడు చోట్లు. పడవలోకి ఎక్కడం, దిగడం (పడవ వాళ్లు చెయ్యిస్తారు). జీప్ మెట్లు చాలా ఎత్తు. సింహరాజలో నడక ఎగుడుదిగుడు దారి, తడి రాళ్లు. సింహరాజ రోజున పెద్దవాళ్లు బసలోనే ఉండిపోవచ్చు. వరండాలో కూర్చున్నా పక్షులు బాగానే కనిపిస్తాయి. వెన్నుపూస సమస్య ఉన్నవాళ్లు, ఈ మధ్యే గుండె ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగనిదే పేరు ఇవ్వకండి. జీప్ కుదుపులు తక్కువేం కావు.

బాబుకి 4 ఏళ్లు. వద్దంటారా?

ఈసారికి వద్దు. 8 ఏళ్లు నిండినవాళ్లనే తీసుకెళ్తున్నాం. నాలుగు గంటలు పడవలో, ఆ తర్వాత మూడు గంటలు జీప్‌లో అరవకుండా కూర్చోమనడం చిన్న పిల్లల్ని శిక్షించడమే.

12 మందేనా? మా అపార్ట్‌మెంట్ నుంచే 20 మందిమి ఉన్నాం.

జీప్‌కి ఆరుగురం, రెండు జీపులు, ఒక వ్యాన్. అంతకు మించితే గ్రూప్ కాస్తా ఊరేగింపు అవుతుంది. మూడో జీప్ పెడితే అడవిలో ఒకరి దుమ్ము ఒకరు పీల్చుకోవడం తప్ప చూసేది ఏమీ ఉండదు. 20 మంది ఉంటే రెండు జట్లుగా రండి, వేరు వేరు తేదీల్లో.

పాస్‌పోర్ట్, వీసా సంగతేంటి?

తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా పాస్‌పోర్ట్‌కి కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలి. ముందుగా ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోవాలి. దీని నిబంధనలు, ఫీజు తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజునే శ్రీలంక ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోండి. వెతికితే అచ్చం అలాగే ఉండే ప్రైవేట్ సైట్లు పైన వస్తాయి, అదనంగా డబ్బు గుంజుతాయి. అప్లికేషన్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. మన తెలుగువాళ్లకి ఇంటిపేరు దగ్గరే తేడా వస్తుంటుంది, రెండుసార్లు సరిచూడండి.

చెన్నై నుంచి కొలంబోకి విమానంలో సుమారు గంటన్నర. గడియారం మార్చక్కర్లేదు, రెండు చోట్లా ఒకటే టైమ్.

## సామాను సర్దేటప్పుడు

ఎలాంటి బట్టలు తేవాలి?

ఖాకీ, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో పొడుగు చేతుల కాటన్ బట్టలు. తెలుపు, ఎరుపు, మెరిసేవి అడవిలోకి వద్దు. పడవలో గాలికి టోపీ ఎగిరిపోతుంది, గడ్డం కింద తాడు ఉన్నది కొనుక్కోండి. తేలికపాటి రెయిన్ కోటు ఒకటి.

బైనాక్యులర్స్ కొనాలా? ఎలాంటివి?

8x42 అని రాసి ఉన్నవి తీసుకోండి. ఎక్కువ పెద్దదిగా చూపిస్తుందని 12x, 20x కొంటారు కానీ, ఊగే పడవలో వాటితో ఏమీ కనిపించదు. కొన్నాక పెట్టెలో దాచి నేరుగా శ్రీలంకలో తీయకండి. ఒక ఆదివారం పల్లికరణై చిత్తడి నేలకో, పులికాట్‌కో వెళ్లి, ఫ్లెమింగోల గుంపులో ఒక్క పక్షి మీద నిలిపి ఉంచడం అలవాటు చేసుకోండి. కళ్లతో పక్షిని చూస్తూనే, చూపు తిప్పకుండా బైనాక్యులర్స్ కళ్ల దగ్గరికి తెచ్చుకోవడం, మొత్తం విద్య అంతే. అది అలవాటైతే యాలలో చెట్టు కొమ్మ మీద వేలాడే చిరుత తోక మీకు మిగతావాళ్లకంటే ముందే కనిపిస్తుంది.

మేం పూర్తి శాకాహారులం. ఆవకాయ పట్టుకెళ్లొచ్చా?

పట్టుకెళ్లండి, కానీ చెకిన్ బ్యాగ్‌లో. చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీయించేస్తారు. పండ్లు, మొక్కలు, విత్తనాలు అస్సలు వద్దు.

తిండి గురించి ఒక ముఖ్యమైన విషయం. శ్రీలంకలో కూరగాయల వంటల్లో కూడా ఉంబలకడ అనే ఎండుచేప పొడి వేస్తారు. కొబ్బరి పచ్చడిలా కనిపించే పోల్ సంబోల్‌లో ఇది ఉండటం మామూలు. వెజిటేరియన్ అంటే సరేనంటారు, వాళ్ల దృష్టిలో ఆ పొడి చేప లెక్కలోకి రాదు. అందుకే ఉంబలకడ లేకుండా అని పేరు పెట్టి చెప్పాలి. అన్ని బసల్లోనూ ఈ మాట మేం ముందే రాసి పంపుతాం. దారిలో టిఫిన్ దగ్గర మాత్రం మీరే అడగాలి. ఇడియాప్పం, అప్పం, పప్పు, పనస కూర దొరుకుతాయి. పనస కూర ఒకసారైనా తినండి, చాలా బాగుంటుంది.

పెద్ద లెన్స్ లేదు. ఫోన్‌తో ఫొటోలు వస్తాయా?

ఏనుగులకి వస్తాయి. తిమింగలానికి వీడియో మేలు. ఉప్పు గాలి పడకుండా ఫోన్‌ని జిప్‌లాక్ కవర్లో పెట్టుకోండి. డ్రోన్ మాత్రం తేవద్దు, అనుమతి లేకుండా అక్కడ ఎగరేయకూడదు.

## సముద్రం మీద

నాకు తిరుమల ఘాట్ రోడ్డులోనే వాంతులవుతాయి. పడవలో ఎలా?

ఈ ప్రశ్న రాని ఏడాది లేదు. పడవ ఊగుతుంటే చెవిలోపలి బ్యాలెన్స్ శరీరం కదులుతోందంటుంది, పడవ లోపల చూస్తున్న కళ్లు కదలడం లేదంటాయి. ఆ తగువుకే తల తిరుగుతుంది. కాబట్టి మొదటి మందు కళ్లకే: దూరంగా సముద్రం, ఆకాశం కలిసే గీత మీద చూపు నిలపండి. ఫోన్లోకి చూడొద్దు, కెమెరా స్క్రీన్‌లోకీ చూడొద్దు. పడవలో కింది అంతస్తు, మధ్య నుంచి వెనక భాగం తక్కువ ఊగుతుంది. పై అంతస్తులో చూడటానికి బాగుంటుందని అందరూ పరిగెత్తుతారు, ఘాట్ రోడ్డు బాధితులు మాత్రం కిందే ఉండాలి. డీజిల్ పొగ తగలని వైపు చూసుకోండి.

ఎవోమిన్ లాంటి మాత్ర పడవెక్కే గంట ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది లోపల నిలవదు. ఈ మాత్రలతో నిద్ర వస్తుంది. గ్లకోమా, ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు, రోజూ వేరే మందులు వాడేవాళ్లు చెన్నైలోనే డాక్టర్‌ని అడిగి తెచ్చుకోండి. ఖాళీ కడుపుతో రావద్దు, కడుపు నిండానూ వద్దు. రెండు ఇడ్లీలంత తింటే చాలు. అల్లం మురబ్బా ఒక పొట్లం జేబులో ఉంచుకోండి.

వాంతి అయినా సిగ్గు పడకండి. పడవ వాళ్లు కవర్ ఇస్తారు, నీళ్లిస్తారు. రెండేళ్ల క్రితం మాతో వచ్చిన ఒక పిన్నిగారు ఒక గంట కవర్ పట్టుకునే కూర్చున్నారు. తోక లేచిందని ఎవరో అరవగానే ఆ కవర్ పట్టుకునే లేచి నిలబడి, చూసి, మళ్లీ కూర్చున్నారు. మర్నాడు పొద్దున ఐదున్నరకి లాబీలో అందరికంటే ముందు ఆవిడే ఉన్నారు.

పడవలో టాయిలెట్ ఉంటుందా?

మేం తీసుకునే పడవలో ఒకటి ఉంటుంది. చిన్నది, ఊగుతుంది, గట్టిగా పట్టుకోవాలి. నెలసరి సమయమైతే కావాల్సినవి, వాడినవి తిరిగి తెచ్చుకునే కవర్ మీ సంచిలోనే ఉంచుకోండి. సముద్రంలోకి ఏదీ వేయనివ్వం.

నీలి తిమింగలాన్ని ఎలా గుర్తుపట్టాలి? నాకు నీళ్లు తప్ప ఏం కనిపించవేమో.

మొదట కనిపించేది తిమింగలం కాదు, దాని ఊపిరి. దూరంగా నీళ్ల మీద తెల్లటి ఆవిరి స్తంభంలా నిటారుగా లేస్తుంది, రెండు మూడంతస్తుల ఎత్తు. గాలి మన వైపు ఉంటే కాసేపటికి చప్పుడు వస్తుంది, ప్రెషర్ కుక్కర్ వెయిట్ ఒక్కసారి లేపితే వచ్చే లాంటి భుస్సు. ఆ తర్వాత వీపు వస్తుంది. నున్నగా, బూడిద కలిసిన నీలం. జరుగుతూనే ఉంటుంది, ఇంకా అవ్వలేదా అనిపిస్తుంది. ఇక్కడి నీలి తిమింగలాలు 24 మీటర్ల దాకా పెరుగుతాయి, అంటే మన ఎంటీసీ బస్సులు రెండు ఒకదాని వెనక ఒకటి పెట్టినంత. ఇంత పొడుగు వెళ్లాక చివర్లో, ఎంతో వెనకగా, చిన్న రెక్క కనిపిస్తుంది.

నాలుగైదు సార్లు ఊపిరి తీసుకుని లోతుకి దిగేటప్పుడు వీపు ఎత్తుగా వంచుతుంది. అదే గుర్తు, కెమెరాలు అప్పుడు సిద్ధం చేసుకోండి. కొన్ని తోక పూర్తిగా పైకెత్తి, నీళ్లు ధారలుగా కారుతుండగా నిటారుగా మునుగుతాయి. అది మునిగిన చోట నీరు కాసేపు అలల్లేకుండా నూనె పోసినట్టు నున్నగా ఉంటుంది, తోక కదిలినప్పుడు పైకి వచ్చిన నీరు అది. అక్కడి నుంచి పది, పదిహేను నిమిషాలు ఎదురుచూపు. మా ఆఖరి యాత్రలో ఒక పాప గడియారం చూసి నిమిషాలు పైకి లెక్కపెట్టింది. పదకొండు అనగానే పడవ అవతలి వైపు భుస్సుమంది.

ఆవిరి నిటారుగా కాకుండా ముందుకి, ఎడమకి వాలి పొదలా వస్తే అది స్పెర్మ్ తిమింగలం. పడవ ముందు దూకుతూ గిరగిరా తిరిగేవి స్పిన్నర్ డాల్ఫిన్లు.

మరీ దూరం నుంచి చూపిస్తున్నారని విన్నాం. ఇంత డబ్బు పెట్టి వచ్చి దగ్గరికి వెళ్లకపోతే ఎలా?

ఈ ఒక్క విషయంలో మేం ఎవరి మాటా వినం. వంద మీటర్ల లోపలికి పడవని పోనివ్వం.

కారణం మా సొంత అనుభవం. మొదటి ఏడాది మేమెక్కిన పడవ, ఇంకో నాలుగు పడవలు కలిసి ఒకే తిమింగలాన్ని చుట్టుముట్టాయి. దగ్గరికి, ఇంకా దగ్గరికి అని మాలో కొందరం అరిచాం. నేనూ అరిచాను. అది రెండే ఊపిర్లు తీసుకుని మునిగిపోయింది. ఊపిరి సరిగ్గా నింపుకోకుండానే లోపలికి వెళ్లిందని తర్వాత తెలిసింది. ఆ పొద్దున మళ్లీ రాలేదు. అప్పటి నుంచి పడవ మాట్లాడుకునే రోజే రాతపూర్వకంగా మూడు మాటలు అడుగుతున్నాం: ఎదురుగా వెళ్లి దారి కాయకూడదు, వెంటాడకూడదు, దగ్గరపడితే ఇంజిన్ నెమ్మది చేసి ఆగిపోవాలి. ఒప్పుకోని పడవ ఎక్కం. తమాషా ఏంటంటే, ఆగి ఉన్న పడవ దగ్గరికి అవే వస్తాయి. వంద మీటర్లు మనం పాటించాల్సిన హద్దు, వాటికి కాదు.

పైగా ఆ తీరం దగ్గరగానే పెద్ద ఓడల దారి పోతుంది. ప్రపంచంలోనే రద్దీ ఎక్కువ ఉన్న దారుల్లో అదొకటి. ఓడలు గుద్దుకుని చచ్చిపోయిన నీలి తిమింగలాలు శ్రీలంక ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. వాటి కష్టానికి తోడు మన పడవ కూడా ఒకటి వద్దు.

తిమింగలాలతో ఈత కొట్టించే ప్యాకేజీలు ఉన్నాయట. మనకి ఉందా?

లేదు, పెట్టం.

## ఒడ్డున, అడవిలో

తాబేళ్లు గుడ్లు పెట్టడం చూడొచ్చా?

రాత్రి తంగల్ల దగ్గరి రెకవ బీచ్‌కి తీసుకెళ్తాం. అక్కడ ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూలై దాకా వస్తాయి, ఫిబ్రవరిలో అదృష్టాన్ని బట్టి. గైడ్ ముందు వెళ్లి చూసి, తల్లి తాబేలు గుడ్లు పెట్టడం మొదలయ్యాకే మనల్ని పిలుస్తాడు. దాని తల వైపుకి వెళ్లకూడదు, వెనక కూర్చోవాలి. ఫోన్ వెలుగు, ఫ్లాష్, తెల్ల టార్చ్ ఏవీ పనికిరావు. వెలుగు పడితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది.

దారి పొడుగునా తాబేలు పిల్లల్ని చేతిలో పెట్టి ఫొటో తీయించే చోట్లు ఉంటాయి. వాటి దగ్గర ఆగం. గుడ్డులోంచి వచ్చిన పిల్లకి ఉండే కొద్దిపాటి శక్తి సముద్రంలో దూరం ఈదడానికే సరిపోతుంది. తొట్టెలో ఉంచితే అది అక్కడే ఖర్చయిపోతుంది.

యాలలో జీప్‌లన్నీ ఒకచోటే గుమిగూడతాయట?

గుమిగూడతాయి. చిరుత కనిపించిందని ఒక డ్రైవర్‌కి తెలిస్తే అందరికీ తెలుస్తుంది. శ్రీలంకలో పులులు, సింహాలు లేవు కాబట్టి అడవికి రాజు చిరుతే. పట్టపగలు బండల మీద, చెట్ల మీద ధైర్యంగా పడుకుంటుంది, అందుకే యాలకి ఇంత జనం. మేం డ్రైవర్లకి ముందే చెబుతాం: పరుగు వద్దు, నీటి గుంటల దగ్గర ఆపి కూర్చోపెట్టండి చాలు. అలా ఒక గుంట దగ్గర నలభై నిమిషాలు ఆగితే మొసలి, నెమళ్లు, అడవి పందులు, దుప్పులు వరసగా వచ్చాయి. తర్వాత దుప్పి ఒకటి తోక లేపి గట్టిగా కూసింది, కొండముచ్చులు అందుకున్నాయి. చిరుత పొదలోంచి బయటికి వచ్చి దారి దాటింది. ఇంకో జీప్ లేదు అక్కడ.

లోపల జీప్ దిగకూడదు, సముద్రం ఒడ్డున ఉన్న చోటు లాంటి ఒకటి రెండు తప్ప. అక్కడే 2004 డిసెంబర్ 26 సునామీలో పోయినవాళ్ల స్మారకం ఉంది. మెరీనాలో ఆ రోజు చూసినవాళ్లు మాలో ఉన్నారు. అక్కడ కాసేపు ఎవరం మాట్లాడం.

ఏనుగులని ముట్టుకోవచ్చా? పిల్లలు ఎక్కుతామంటున్నారు.

ముట్టుకోం, ఎక్కించం. ఉడవలవెలో ఏడాది పొడుగునా ఏనుగులు గుంపులుగా కనిపిస్తాయి. దంతాల కోసం వెతక్కండి, శ్రీలంకలో మగ ఏనుగుల్లో కూడా దంతాలున్నవి పదింట ఒకటి కూడా ఉండవు. పార్క్ దగ్గరే 1995లో మొదలైన గున్న ఏనుగుల ఆశ్రయం ఉంది. తల్లి లేని గున్నలకి వేళకి పాలు పట్టి, పెద్దయ్యాక తిరిగి అడవిలో వదిలేస్తారు. వాటికి మనుషులు అలవాటు కాకూడదని మనల్ని దూరంగా అరుగు మీదే కూర్చోబెడతారు. గేటు తెరవగానే గున్నలు చెవులు ఊపుకుంటూ పాల దగ్గరికి పరిగెత్తే తీరు చూస్తే పిల్లలు ఎక్కుతామనే మాట మర్చిపోతారు.

రోడ్డు పక్క కంచె దగ్గర నిలబడే అడవి ఏనుగులకి అరటిపండ్లు పెట్టకండి. అలా అలవాటు పడ్డవి వాహనాల మీదకి వస్తాయి.

జలగలంటే చచ్చేంత భయం. సింహరాజలో ఉంటాయా?

ఉంటాయి. ప్యాంటు మీదకి మోకాళ్ల దాకా వచ్చే జలగ సాక్స్ మేమే ఇస్తాం. పట్టినా పీకకండి, గోరుతో పక్కకి తోస్తే వదులుతుంది. రక్తం కాసేపు కారుతుంది, నొప్పి ఉండదు. జలగల కోసం ఈ అడవి మానుకోవద్దు. 1988 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్న వాన అడవి ఇది. పక్షులు ఇక్కడ రకరకాలు కలిసి ఒకే గుంపుగా మేతకి వస్తాయి. అరగంట నిశ్శబ్దం, తర్వాత ఒక్కసారిగా చెట్టంతా పక్షులే.

మాకు ఇంగ్లీష్ అంతంత మాత్రం. తమిళం పనిచేస్తుందా?

దక్షిణాన ఎక్కువగా సింహళమే. తమిళం కొందరికి వస్తుంది. స్తూతి అంటే థాంక్యూ, ఆ ఒక్క మాట నేర్చుకోండి. అన్నట్టు శ్రీలంకలో అహికుంటికలనే సమాజం వాళ్లు తరతరాలుగా ఇళ్లలో తెలుగే మాట్లాడుకుంటారు. మన దారిలో వాళ్ల ఊళ్లు లేవు, కానీ తెలిసినప్పుడు మనసుకి ఎంతో దగ్గరగా అనిపించింది.

పౌర్ణమి రోజు అన్నీ మూసేస్తారా?

ప్రతి పౌర్ణమి అక్కడ పోయ అనే సెలవు రోజు. మద్యం అమ్మరు. పార్కుల్లో రద్దీ ఎక్కువ, కాబట్టి ఆ రోజు ప్రయాణానికి ఉంచుతాం.

## తిరిగొచ్చాక

ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టొచ్చా?

పెట్టండి. చిరుత పిల్లలు, తాబేలు గూడు ఉన్న సరైన చోటు మాత్రం రాయకండి. మర్నాడే అక్కడ జనం చేరతారు.

పిల్లలు మళ్లీ ఎప్పుడు అంటున్నారు. చెన్నైలో చూడటానికేం ఉంది?

జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. విద్యార్థులు 1988లో మొదలుపెట్టిన తాబేళ్ల సంరక్షణ బృందం ఒకటి సీజన్‌లో నీలాంకరై, బెసెంట్ నగర్ బీచ్‌ల వెంట రాత్రి నడక పెడుతుంది. వాళ్లు గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. 2025 జనవరిలో ఇదే తీరానికి వందల తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి. వలల్లో చిక్కితే ఊపిరి కోసం పైకి రాలేవు. పిల్లలకి అది కూడా చెప్పి తీసుకెళ్లండి. కిలోమీటర్లకొద్దీ ఇసుకలో నడవాలి కాబట్టి మధ్యాహ్నం ఒక కునుకు తీయించండి. టార్చ్ ఇంట్లోనే ఉంచండి.